మాటకో పాఠం – 9: స్క్వాల్

పోయిన పాఠంలో గస్ట్, అంటే గాలి విసురు, చూశాం కదా, ఈసారి దానికి అన్నలాంటి ఇంగ్లిష్ మాట, స్క్వాల్. బాల్, కాల్ అన్నట్టే పలకాలి, ముందు ఇ తగిలించి ఇస్క్వాల్ అనకండి.

ఎండాకాలం సాయంత్రాలు తెలుసుగా, ఉక్క చంపేస్తుంటుంది, ఆకు కదలదు, ఓ పక్క మబ్బు నల్లగా కమ్ముకొస్తుంది, ఉన్నట్టుండి చల్లగాలి కొట్టి తలుపులు టపటపలాడి ఆరేసిన బట్టలు పక్క మేడ మీద తేలతాయి, వాన ఆ తర్వాతే. ఆ గాలే స్క్వాల్, పేపర్లో ఈదురుగాలులు అని రాస్తారే అవి. వాన కంటే ముందు గాలెందుకంటే, పడే చినుకుల్లో కొన్ని దారిలోనే ఆవిరైపోతాయి, దాంతో అక్కడి గాలి చల్లబడి బరువెక్కి కిందికి పడుతుంది, నేల తగిలాక ఇంకెటు పోతుంది, నాలుగు పక్కలకీ దూసుకుపోతుంది.

గస్ట్ అంటే కొన్ని సెకన్ల విసురు. స్క్వాల్ అనాలంటే మాత్రం గాలి వేగం ఒక్కసారిగా గంటకి సుమారు 30 కిలోమీటర్లు పెరిగి, 40 దాటి, కనీసం 1 నిమిషం నిలబడాలి, ఇది వాతావరణ శాఖ వాళ్ల లెక్క. మామూలు మాటల్లో ఇంత కొలత ఎవరూ చూడరనుకోండి.

వాడుకలో మీకు ఎక్కువగా కనబడేది స్క్వాలీ. విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం మత్స్యకారులకిచ్చే బులెటిన్లలో "స్క్వాలీ వెదర్ విత్ విండ్ స్పీడ్ రీచింగ్ 45 టు 55 కెఎంపిహెచ్ గస్టింగ్ టు 65" లాంటి లైన్లుంటాయి, అంటే గాలి గంటకి 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య వీస్తూ మధ్యమధ్యలో విసురు 65 దాకా పోతుందని, వేటకెళ్లొద్దని. మన రెండు మాటలూ ఒకే లైన్లో దొరికాయి, నా దృష్టిలో ఏ డిక్షనరీ ఉదాహరణా దీనికి సాటిరాదు.

స్క్వాలర్ అనే మాటతో మాత్రం కలపొద్దు, అది మురికి, దరిద్రం, దీనికీ దానికీ సంబంధం లేదు. పసిపిల్లలు గుక్కపట్టి ఏడ్చినా స్క్వాల్ అంటారు, "ద బేబీ స్క్వాల్డ్ ఆల్ నైట్" అని, కానీ మాట్లాడేటప్పుడు క్రయింగ్ చాలు.

ఇక మీ వంతు. "ఎ డాష్ ఆఫ్ విండ్ టుక్ మై క్యాప్", "ద డాష్ లాస్టెడ్ టెన్ మినిట్స్ అండ్ అప్రూటెడ్ టూ ట్రీస్", వీటిలో డాష్ ఉన్నచోట గస్ట్, స్క్వాల్ ఏది ఎక్కడో పెట్టండి. "నిన్నటి ఈదురుగాలికి మామిడికాయలన్నీ రాలిపోయాయి" అన్నదాన్ని స్ట్రాంగ్ విండ్ అనకుండా ఇంగ్లిష్‌లో రాయండి. వచ్చే పాఠం గేల్, జవాబులు అందులోనే.