మోకాళ్ల నొప్పులు, ఆయాసం, షుగరు ఉన్నవారికి ఇల్లూ పెరడూ ఎలా మార్చాలి?

ముందు మేస్త్రీని పిలవకండి. ఒక సుద్దముక్క తీసుకోండి. జబ్బుతో ఉన్న మనిషి పొద్దున లేచింది మొదలు ఎక్కడ గోడ పట్టుకున్నారో, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకున్నారో అక్కడల్లా గీత గీయండి. నొప్పి ఎక్కువగా ఉన్న రోజే ఈ పని చేయాలి. ఒళ్లు బాగున్న రోజు ఏ ఇల్లైనా బాగానే ఉంటుంది. గుంటూరులో మా ఇంట్లో గీతలన్నీ అమ్మ మంచానికీ బాత్‌రూమ్‌కీ మధ్యనే పడ్డాయి. వంటగదికని దాచిన డబ్బు అటు మళ్లింది.

బాత్‌రూమ్‌లో నున్నటి టైల్స్ తీయించి గరుకువి వేయించండి. కమోడ్ సీటు నేల నుంచి 45–48 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే మోకాళ్లకు సుఖం. తువ్వాలు ఆరేసే కడ్డీ మనిషి బరువు ఆపదు. కమోడ్ పక్కన, స్నానం చేసేచోట గోడలోకి లోతుగా బోల్టులు దింపిన స్టీలు కడ్డీలు కావాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి నెట్టడం కుదరదు.

తర్వాత గడపలు. లోపలి గదులవి తీయించేశాం. వీధి గడప జోలికి వెళ్తే అమ్మ ఊరుకోదు. సరే, దానికి రెండు వైపులా వాలు కట్టించాం. లెక్క ఒకటికి పన్నెండు: గడప ఎత్తు 5 సెంటీమీటర్లయితే వాలు పొడవు 60. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప చూపు తగ్గినవారికి దూరం నుంచే కనబడుతుంది, అదొక మేలు.

ఆయాసం ఉన్నవారి పడకగది వంటింటికి దూరంగా ఉండాలి, తాలింపు పొగ బయటికి పోయే ఫ్యాను తప్పనిసరి. మిర్చి యార్డు దగ్గర ఇళ్లవాళ్లకు ఘాటు సంగతి నేను చెప్పాలా? సీజన్‌లో గాలి అటు నుంచి వీచినప్పుడు ఆ వైపు కిటికీలు మూయండి.

పెరట్లో వంగే పని తీసేయండి. కుర్చీలో కూర్చుని పని చేసుకునేలా 70 సెంటీమీటర్ల ఎత్తున మడులు కట్టించి తోటకూర, మెంతికూర వేయండి. బచ్చలి తీగను పందిరి మీదికి కాక నిలువు జాలీకి పాకిస్తే చేతికి అందుతుంది. నడిచే దారి 90 సెంటీమీటర్లుంటే వాకరు, చక్రాల కుర్చీ పడతాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో సిమెంటు దారి నిప్పులా ఉంటుంది. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి బొబ్బలెక్కినా తెలియదు కనుక పెరటి గుమ్మం దగ్గరే ఒక చెప్పుల జత ఉంచండి. వయ్యారిభామ కలుపుమొక్క మొలిస్తే ఆయాసం లేనివారు చేతి తొడుగులు వేసుకుని, పూత రాకముందే పీకేయాలి.

గోడను ఆనుకున్న మడి వెడల్పు 60 సెంటీమీటర్లు దాటనివ్వకండి. మేము తెలియక 90 కట్టించాం. గోడవారగా వేసిన పుదీనా అమ్మకు అందదు. పచ్చడికి కావాలంటే నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాల్సిందే.