రొయ్యల పట్టుబడికి ముందు జాగ్రత్తలు

వల వేయకముందే ఇవి చూసుకోండి.

– ముందు ఐస్ తెప్పించండి. రొయ్యల బరువెంతో ఐస్ కూడా కనీసం అంత ఉండాలి. తాగే నీటితో చేసిందేనా అని అడగండి. మురికి ఐస్ వేస్తే జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మనమే చేతులారా కలిపినట్టు.

– క్రేట్లు, బల్లలు ముందు బురద పోయేలా కడిగి, ఆ తర్వాతే క్లోరిన్ నీళ్లు వాడాలి. బురద మీద పోసిన క్లోరిన్ దండగే.

– విరేచనాలు, చేతి పుండ్లు ఉన్నవాళ్లను పనిలోకి దించొద్దు. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

– గట్టు మీద కుక్కలు, కోళ్లు తిరగకూడదు.

– పట్టిన రొయ్యల్ని నేల మీద పోయకుండా వెంటనే ఐస్ నీళ్లలో ముంచి, 4 డిగ్రీల సెల్సియస్ లోపు చల్లబరచాలి. జబ్బు చేసే మరో బ్యాక్టీరియా విబ్రియో చెరువు నీటిలో మామూలుగానే ఉంటుంది. ఎండలో ఉంచితే గంటల్లోనే విపరీతంగా పెరుగుతుంది.