పాడ్‌కాస్ట్ మొదలెడదామా? ముందు ఫ్యాన్ ఆపండి

పాడ్‌కాస్ట్ పెడదామనుకునేవాళ్ళు మొట్టమొదట అడిగేది, ఏ మైక్ కొనమంటారు అని. ఇప్పుడే ఏదీ కొనకండి, చేతిలో ఉన్న ఫోన్ చాలు. మొదటి నాలుగైదు ఎపిసోడ్లు పాడయ్యేది గది వల్లా, మన అలవాట్ల వల్లా.

నా సంగతే చెప్తాను. మొదటి రికార్డింగ్ మా అమ్మమ్మతో. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన రాత్రి గురించి ఆవిడ చెప్తుంటే 40 నిమిషాలు రికార్డు చేసుకుని, ఇంటికొచ్చి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను, ఏడుపొక్కటే తక్కువ. పైన ఫ్యాన్ గిరగిరా, ఆవిడ చెయ్యి కదిపినప్పుడల్లా గాజుల చప్పుడు, పక్కింటి కుక్కర్ మూడు విజిల్స్. అన్నిటికంటే ఘోరం నేనే, ప్రతి మాటకీ "ఊఁ", "అయ్యో" అంటూనే ఉన్నాను. కథ చెప్తుంటే ఊ కొట్టాలని చిన్నప్పుడు నేర్పారు కదా! నీళ్ళు గుమ్మం దాటి లోపలికొచ్చాయని ఆవిడ గొంతు తగ్గించి చెప్పిన చోట, సరిగ్గా ఆ మాట మీదే నా "ఊఁ" పడింది. దాన్ని కత్తిరిస్తే ఆవిడ మాట కూడా పోతుంది.

కాబట్టి మైక్ ముందు తల ఊపండి చాలు, ఊ కొట్టొద్దు. ఇక గాజులంటారా, పెద్దవాళ్ళని తీసెయ్యమని ఎలాగూ అడగలేం, అడగకూడదు కూడా. ఒళ్ళో చిన్న దిండు పెట్టి చేతులు దాని మీద ఉంచమంటే సగం చప్పుడు తగ్గుతుంది.

గది ఎంచుకోవడానికి ఒక చప్పట కొట్టి చూడండి. గంగాళంలో కొట్టినట్టు మోగితే ఆ గది పనికిరాదు. టైల్సు, అద్దాలు, ఖాళీ గోడలు ఉన్న హాలు కంటే పరుపూ దుప్పట్లూ నిండిన చిన్న పడకగది వంద రెట్లు నయం, బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి దాని ముందు కూర్చుంటే ఇంకా మంచిది. ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్ ఆపేయండి. ఫ్రిజ్ మళ్ళీ వెయ్యడం మర్చిపోతామని టెన్షన్ ఉంటే బండి తాళం అందులో పెట్టండి, పాలు విరగవు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. ఎవరూ మాట్లాడకుండా ఒక 30 సెకన్లు ఉత్త గదిని రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో అది అక్కరకొస్తుంది.

అరచెయ్యి నోటికి ఎదురుగా పెట్టుకుని "పప్పు" అనండి. చేతికి గాలి తగిలిందా? అదే మైక్‌కి తగిలితే డబ్‌మని మోగుతుంది. అందుకే మైక్‌ని నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి పెట్టాలి. లెవెల్, అంటే రికార్డింగ్ యాప్‌లో గొంతు ఎంత గట్టిగా పడుతోందో చూపే గీత, మైనస్ 12కీ మైనస్ 6 డెసిబెల్స్‌కీ మధ్య ఆడితే చాలు. సున్నాని తాకితే గొంతు చీలిపోతుంది, తర్వాత ఏం చేసినా బాగుపడదు.

స్క్రిప్టు రాసేటప్పుడు చాలామంది పేపర్ వార్తలా రాస్తారు. "పేర్కొన్నారు", "వెల్లడించారు" అని ఇంట్లో ఎవరైనా అంటారా? రాసింది పైకి చదవండి, ఊపిరి అందని చోట వాక్యం తెంచెయ్యండి. 4,87,650 అని చదివితే వినేవాళ్ళకి గుర్తుండదు, దాదాపు అయిదు లక్షలంటే ఉంటుంది. వాళ్ళు పేజీ వెనక్కి తిప్పి చూసుకోలేరు మరి. యాస గురించి మొహమాటం అస్సలొద్దు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008లో మొదలైన "సంఘం రేడియో" అనే కమ్యూనిటీ రేడియో స్టేషన్‌ని దళిత మహిళలే నడిపారు, వాళ్ళు మాట్లాడే భాషలోనే.

ఎడిటింగ్‌కి ఆడాసిటీ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ముందు అక్కర్లేనివి కత్తిరించండి. తర్వాత, ఇందాకటి ఉత్త గది ముక్కని సెలెక్ట్ చేసి నాయిస్ రిడక్షన్‌లో నాయిస్ ప్రొఫైల్ (తీసెయ్యాల్సిన రొద నమూనా) తీసుకుని, మొత్తం ఫైల్‌కి కొద్దిగా వర్తింపజేయండి. ఎక్కువైతే మనిషి బిందెలో తల పెట్టి మాట్లాడినట్టుంటుంది. ఊపిరి చప్పుళ్ళన్నీ తీసెయ్యకండి, మనిషి మరబొమ్మ అయిపోతాడు. ఆఖర్న లౌడ్‌నెస్ నార్మలైజేషన్, అంటే ఎపిసోడ్ మొత్తం శబ్దాన్ని ఒక స్థాయికి తేవడం. మోనో (ఒకే చానెల్) అయితే మైనస్ 19 లఫ్స్, స్టీరియో (రెండు చానెళ్ళు) అయితే మైనస్ 16. లఫ్స్ అంటే చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత. మాటలే కాబట్టి మోనో ఎంపీ3, 96 కేబీపీఎస్ చాలు, అరగంట ఎపిసోడ్ 22 ఎంబీ లోపే వస్తుంది.

సినిమా పాట పది సెకన్లే వాడితే పర్లేదంటారు కొందరు, నమ్మకండి. అనుమతి ఉన్న సంగీతమే వాడండి, లేదంటే తెలిసినవాళ్ళ చేత ఒక చిన్న బిట్ వాయించుకోండి.

పోస్ట్ చెయ్యడం తేలిక. ఏదో ఒక హోస్టింగ్ సర్వీసులో (ఆడియో ఫైళ్ళని ఇంటర్నెట్‌లో ఉంచే చోటు) ఎక్కిస్తే ఆర్ఎస్ఎస్ లింక్ ఇస్తుంది, కొత్త ఎపిసోడ్ వచ్చిందని యాప్‌లకి తెలిసేది ఆ లింక్‌తోనే, దాన్ని స్పాటిఫై, యాపిల్ పాడ్‌కాస్ట్స్‌లో ఒక్కసారి ఇస్తే తర్వాతి ఎపిసోడ్లు వాటంతటవే వెళ్తాయి. కవర్ బొమ్మ చతురస్రంగా, ఒక్కో వైపు 3000 పిక్సెల్స్ ఉండాలి.

అసలు రికార్డింగ్‌ని మాత్రం డిలీట్ చెయ్యకండి, తేదీ, మనిషి పేరు రాసి రెండుచోట్ల దాచండి. నా దగ్గర "కొత్తది", "కొత్తది2", "ఫైనల్", "నిజం ఫైనల్" అని నాలుగున్నాయి, ఉప్పెన సంగతి ఎందులో ఉందో కావాల్సొచ్చినప్పుడల్లా నాలుగూ తెరిచి వినాల్సిందే.