ఇల్లు కొనడం నేర్చుకుందాం – 4వ పాఠం: బ్రోకర్‌కు ఏ పని అప్పగించాలి?

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క పూర్తిచేశారనే అనుకుంటున్నాను. చేతిలో ఉన్న సొమ్ము, బ్యాంకు ఇస్తానన్న అప్పు కలిపి, అందులోంచి రిజిస్ట్రేషన్ ఖర్చు పక్కకు తీసి, ఇంటి ధర ఎంతదాకా వెళ్లగలరో ఒక అంకె రాసుకోమన్నాను. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిస్తే 7.5 శాతం. కాబట్టి మీ అంకె మొదట ఊహించినదానికంటే చిన్నదై ఉంటుంది. దిగులు పడకండి, అందరికీ అంతే.

ఈ పాఠం కోసం ఆ అంకె 60 లక్షలు అనుకుందాం. హైదరాబాద్‌లో రెండు పడకగదుల పాత ఫ్లాటు, అంటే రిసేల్ ఫ్లాటు, కొనాలనుకుంటున్నారు. బ్రోకర్‌ను పెట్టుకోవాలా, సొంతంగా వెతుక్కోవాలా?

ప్రశ్నను ఇలా అడిగితే తెగదు. పైకి ఒకే పనిలా కనిపించే ఈ కొనుగోలులో నిజానికి నాలుగు పనులున్నాయి: వెతకడం, బేరమాడడం, పత్రాలు పరిశీలించడం, రిజిస్ట్రేషన్ దాకా నడిపించడం. ఏ పనికి ఆ పని విడిగా అడగండి.

వెతకడంలో మంచి బ్రోకర్‌కు సాటి లేదు. యజమాని అమెరికాలో ఉంటాడు, తాళాలు బ్రోకర్ దగ్గర ఉంటాయి. ఫ్లాటు అమ్ముతున్న సంగతి పక్కింటివారికి కూడా తెలియకపోవచ్చు. అయితే మీరు కొనాలనుకుంటున్న కాలనీలోనే అద్దెకు ఉంటున్నట్లయితే ఈ పనికి మనిషి అవసరం లేదు. నాలుగు ఆదివారాలు కేటాయించండి. అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లతో మాట్లాడండి, సంఘం కార్యదర్శులను పలకరించండి. ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందో వాచ్‌మన్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మంచినీళ్లు ఎన్ని రోజులకు ఒకసారి వస్తాయో కూడా అతను చెబుతాడు. బ్రోకర్ చెప్పడు.

ఇక బేరం. ఇక్కడ కాస్త ఆగి కాగితం, కలం తీసుకోండి.

రిసేల్‌లో కమీషన్ మామూలుగా కొనేవారి నుంచి 1 శాతం, అమ్మేవారి నుంచి 1 శాతం. కొందరు రెండేసి శాతం అడుగుతారు. 60 లక్షల ఇంటికి మీరిచ్చేది 60,000, అవతలివారు ఇచ్చేది 60,000. బ్రోకర్ చేతికి మొత్తం లక్షా 20 వేలు. ఇప్పుడు ఆయన మీ తరఫున గట్టిగా నిలబడి ధరను 57 లక్షలకు దించారనుకుందాం. మీకు మిగిలేది 3 లక్షలు. ఆయన నష్టపోయేది ఒక్కొక్క వైపు 3,000, మొత్తం 6,000. చిన్న మొత్తమే. కానీ ఆ పట్టుదలకు యజమాని అలిగి వెళ్లిపోతే ఆయనకు పోయేది లక్షా 20 వేలు. అంటే మీ 3 లక్షల కోసం ఆయన తన లక్షా 20 వేలను పందెం కాయాలి. ఎవరు కాస్తారు?

బ్రోకర్ ధర పెంచేస్తారని చాలామంది భయపడతారు. లెక్క చూస్తే ఆ భయం సగమే నిజం. ధర 3 లక్షలు పెరిగినా ఆయనకు వచ్చేది ఆరువేలే. ఆయన ఆరాటమంతా బేరం తొందరగా తెగాలనే. అందుకే అటు యజమానితో ‘ఇంతకంటే రాదు సార్’ అంటారు, ఇటు మీతో ‘రేపటికి ఉండదు సార్’ అంటారు. ఇందులో దుర్మార్గం ఏమీ లేదు. రెండు వైపులా జీతం తీసుకునే మనిషి ఒక వైపు వాదించలేడు, అంతే.

దీనికి మందు జీతం మార్చడమే. శాతం బదులు 40,000 స్థిరంగా మాట్లాడుకోండి. యజమాని చెప్పిన ధర మీద ఎంత తగ్గితే అందులో పదోవంతు అదనం అనండి. 3 లక్షలు తగ్గిస్తే 30,000. మొత్తం 70,000, ఆయనకు శాతం కంటే ఎక్కువే. అందరూ ఒప్పుకోరు. ఒప్పుకున్నవారితో తెల్లకాగితం మీద రాసుకోండి: ఎంత, ఎప్పుడు. సగం అగ్రిమెంటు రోజున, మిగతా సగం రిజిస్ట్రేషన్ అయ్యాక ఇవ్వడం నా పద్ధతి.

పత్రాల పరిశీలన మాత్రం బ్రోకర్ చేతిలో పెట్టకండి. బేరం తెగితేనే డబ్బు వచ్చే మనిషిని, బేరం ఆపాలా వద్దా అని అడగడం తప్పు. నా అనుభవం చెబుతాను. మేము చూసిన ఫ్లాటు పత్రాలను బ్రోకర్ తీసుకొచ్చిన లాయరే చూసి అంతా బాగుందన్నారు. ఈసీ, అంటే ఆ ఇంటి మీద జరిగిన రిజిస్టరైన లావాదేవీల జాబితా చూపే ధ్రువపత్రం, కూడా శుభ్రంగా ఉంది. బయానా ఇవ్వడానికి ముందురోజు, ఎందుకో మనసొప్పక, తెలిసిన మరో లాయరుకు చూపించాము. ఆమె మొదట అడిగిన ప్రశ్న, ‘ఈ ఇంటి యజమానికి ఆడపిల్లలు లేరా?’ ఉన్నారు, ఒక కూతురు. తండ్రి వీలునామా రాయకుండా పోయారు, కొడుకులిద్దరే అమ్ముతున్నారు. అలా పోయిన తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకులతో సమాన వాటా 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. ఈ సంగతి ఈసీలో కనిపించదు. ఈసీలో వచ్చేవి రిజిస్టరైన లావాదేవీలే. చావు, పుట్టుక, అలక అందులో ఉండవు.

కాబట్టి లాయరును మీరే వెతుక్కోండి, ఇల్లు కొన్నా మానుకున్నా ఆ ఫీజు ఇచ్చేయండి. అది దండగ ఖర్చులా అనిపిస్తుంది, నాకూ అనిపించింది.

నాలుగోది, రిజిస్ట్రేషన్ దాకా నడిపించడం. దస్తావేజు రాయించడం, అందరినీ ఒకే రోజు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి చేర్చడం బ్రోకర్‌కు కొట్టిన పిండి, ఆ పని వదిలేయండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే అమ్మేవారి ఆదాయపు పన్ను కింద ఆ ధరలోంచి 1 శాతం (దీన్నే టీడీఎస్ అంటారు) కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత కొనేవారిదే. మన ఇంటికి అది 60,000. అమ్మేవారు విదేశంలో స్థిరపడినవారైతే లెక్క వేరు, రేటూ ఎక్కువ. అప్పుడు ఆడిటరును కలవకుండా పైసా ఇవ్వకండి.

కొత్త ప్రాజెక్టుల్లో కొనేవారికి రెండు మాటలు. అక్కడ ఏజెంటుకు కమీషన్ ఇచ్చేది బిల్డర్. ‘మీరు నాకు ఏమీ ఇవ్వనవసరం లేదు’ అన్నారంటే ఆయన మీ మనిషి కాదన్నమాటే. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం నమోదైన ప్రాజెక్టులో ఫ్లాటు ఇప్పించే ఏజెంటుకు కూడా సొంత రెరా నమోదు ఉండాలి. ఆ నంబరు అడిగి తెలంగాణ రెరా వెబ్‌సైటులో సరిచూసుకోండి. రెరా నమోదు కావలసిన ప్రాజెక్టును నమోదుకు ముందే ‘ప్రీలాంచ్’ పేరుతో అమ్మడం బిల్డర్‌కూ తప్పే, అమ్మిపెట్టడం ఏజెంటుకూ తప్పే. రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డర్ తీసుకోకూడదు. రెరాలో నమోదు కాని పాత అపార్ట్‌మెంట్లలో ఇళ్లు అమ్మిపెట్టే బ్రోకర్లకు ఈ నమోదు నియమం వర్తించదు. పైన కాగితం రాసుకోమన్నది అందుకే.

ఈ వారం పని: మీకు నచ్చిన ప్రాంతంలో ముగ్గురు బ్రోకర్లను కలవండి. ముగ్గురినీ ఒకే రెండు ప్రశ్నలు అడగండి. ‘ఈ ఇంటికి అమ్మేవారు మీకు ఎంత ఇస్తున్నారు?’ ‘ఈ ఇంటి మీద మీరు గానీ, మీవారు గానీ ముందే అగ్రిమెంటు చేసుకున్నారా?’ రెండోది ముఖ్యం. కొందరు తక్కువ ధరకు అగ్రిమెంటు రాయించుకుని, మధ్యలో తమ లాభం కలిపి మీకు అమ్ముతారు. వచ్చిన జవాబులు, తడబాట్లతో సహా, రాసి పెట్టుకోండి. మొదటి ప్రశ్నకు నవ్వి మాట మార్చినవారి పేరు కొట్టేయండి.

వచ్చే పాఠంలో ఈసీని వరస వరసకూ చదువుదాం. చూసిన ఇళ్లలో ఒకదాని డాక్యుమెంటు నంబరు, సంవత్సరం తెచ్చుకోండి. అవి లేకపోతే పాఠం ముందుకు సాగదు.