కుంట కట్ట కింద బురద ఊట ఎలా ఆగిందంటే

శంకర్‌పల్లి వైపు మా పొలంలో పాత యజమాని కట్టించిన చిన్న కుంట ఉంది. మట్టికట్ట రెండు నిలువుల ఎత్తు. పోయిన వానాకాలం కుంట నిండగానే కట్ట బయటి వైపు అడుగున ఊట మొదలైంది. మట్టికట్ట అన్నాక కాస్త చెమ్మ, తేట నీటి ఊట మామూలే. కానీ స్టీలు గ్లాసులో పట్టి పెడితే కాసేపటికే అడుగున సన్నటి ఎర్రమట్టి పేరుకుంది. అంటే నీటితో పాటు కట్ట లోపలి మట్టీ పోతోంది. టెన్షన్ అక్కడే. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ వైపు కాలనీలు మునిగాయి కదా. మా కుంట కిందా నాలుగు ఇళ్లున్నాయి. ముందు వాళ్లకు చెప్పాను.

"బయట నుంచి మట్టి కొట్టి మూసేద్దాం సార్" అన్నాడు జేసీబీ డ్రైవర్. వద్దన్నాను. అక్కడ మూస్తే నీళ్లు ఇంకోచోట బుంగ పెడతాయి. ఊట మీద ముందు ఇసుక, దానిపై సన్న కంకర, ఆపైన పెద్ద రాళ్లు పరిచాం. నీళ్లు వస్తూనే ఉన్నాయి, కానీ తేటగా. తర్వాత డీజిల్ మోటారుతో నీటిమట్టం మెల్లగా దించాం. ఒక్కసారిగా దించితే లోపలి వాలు జారే ప్రమాదం ఉంది.

ఎండాకాలం తవ్విస్తే అసలు సంగతి బయటపడింది: కట్ట అడుగున, పొలానికి నీళ్లు వదలడానికి వేసిన పీవీసీ పైపు. దాని చుట్టూ మట్టి సరిగ్గా గట్టిపడక, పైపు వెంబడే నీళ్లు దారి చేసుకున్నాయి. పైపు తీసేసి, బంకమట్టిని అరడుగు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాం. పనిలో పనిగా కుంట నిండితే మిగులు నీళ్లు బయటికి పోయే మత్తడి దారిలో పెరిగిన సర్కారు తుమ్మ కూడా పీకించాను. ఇప్పుడు పొలానికి నీళ్లు కావాలంటే ఒడ్డున పెట్టిన మోటారే.