మిషన్ మీద కొత్తగా బట్టలు కుడుతున్నారా? ఈ తప్పులు ఇలా తప్పించుకోండి

నేను కుట్టిన మొదటి చొక్కాకి రెండు చేతులూ ఎడమవే. పూల ప్రింటు బట్టని ఒక్క పొరగా పరిచి, కాగితం నమూనా పెట్టి ఒక చెయ్యి కత్తిరించాను. అదే కాగితాన్ని తిరగెయ్యకుండా పక్కకి జరిపి రెండోదీ కత్తిరించాను. తిరగవైపు ప్రింటు వెలిసిపోయినట్టు ఉండటంతో ముక్కని తిప్పి వాడుకునే దారి కూడా లేకపోయింది. అప్పటికి మిషన్ మూత కూడా తియ్యలేదు! అందుకే మిషన్ దగ్గరికి కాస్త ఆలస్యంగా వెళ్దాం.

ముందు ఉతికి ఆరెయ్యండి

నూలు బట్ట మొదటి ఉతుకులోనే కుదించుకుపోతుంది. మీటరుకి 3 సెంటీమీటర్లు తగ్గినా వేసుకున్నప్పుడు తెలిసిపోతుంది. కుట్టాక ఎలా ఉతుకుతారో ఇప్పుడే అలా ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యండి. రంగు దిగే బట్టైతే ఆ సంగతీ ఇప్పుడే బయటపడుతుంది.

కత్తిరింపులో తొందర వద్దు

బట్ట నేత అంచు (రెండు పక్కలా పోగులు ఊడకుండా గట్టిగా నేసిన అంచు) వెంట పోయేవి పడుగు పోగులు. అటువైపు బట్ట పెద్దగా సాగదు. అడ్డంగా, అంటే పేక వైపు, కొంచెం సాగుతుంది. ఏటవాలుగా లాగితే బాగా సాగుతుంది. నమూనా మీద పొడుగ్గా ఒక బాణం గుర్తు ఉంటుంది కదా, అది పడుగు వెంట ఉండాలి. కంటి అంచనాతో సరిపెట్టుకోకండి. బాణం రెండు కొసల నుంచి నేత అంచు దాకా టేపుతో కొలవండి, రెండుసార్లూ ఒకే కొలత రావాలి. బట్ట మిగుల్చుకుందామని ముక్కని కాస్త వంకరగా పెట్టారంటే, ఉతికే కొద్దీ ప్యాంటు కాలు మెలి తిరిగి పక్క కుట్టు ముందుకి వచ్చేస్తుంది. దానికిక మందు లేదు.

తర్వాత మార్జిన్ (కుట్టు కోసం అంచున అదనంగా వదిలే బట్ట) లెక్క. చొక్కా ముందు భాగానికి రెండు పక్కలు, వెనక భాగానికి రెండు పక్కలు. ఒక్కో పక్క 1.5 సెంటీమీటర్లు వదలడం మరిచిపోతే చుట్టుకొలతలో మొత్తం 6 సెంటీమీటర్లు పోయినట్టే. కొన్ని నమూనాల్లో మార్జిన్ ముందే కలిపి ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. కత్తెర పట్టుకునే ముందే అది చూసుకోండి. లూజు సంగతి కూడా ఇక్కడే తేలాలి. 90 సెంటీమీటర్ల ఛాతీకి సరిగ్గా 90 సెంటీమీటర్ల చొక్కా కుడితే అందులో చెయ్యి ఎత్తలేరు. సాగని బట్టైతే 8 నుంచి 10 సెంటీమీటర్లు అదనంగా ఉండాలి.

బట్టని మంచి వైపులు లోపలికి వచ్చేలా మడిచి, రెండు పొరలూ కలిపి కత్తిరిస్తే కుడిచెయ్యి, ఎడమచెయ్యి వాటంతటవే వస్తాయి. నాకది చొక్కా పాడయ్యాక తెలిసింది.

ఇప్పుడు మిషన్

సూదిని విరిగేదాకా వాడేవాళ్లే ఎక్కువ. మొన అరిగిన సూది విరక్కుండానే పోగులు లాగేస్తుంది, కుట్లు ఎగరగొడుతుంది. పలచటి బట్టకి 11వ నంబరు, మామూలు నూలు బట్టకి 14, జీన్స్ లాంటి మందపు బట్టకి 16 వాడండి. టీషర్టు బట్టకి మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది కావాలి, లేకపోతే మధ్యమధ్యలో కుట్టు పడదు.

బట్ట అడుగున దారం గూడు కట్టిందనుకోండి. వెంటనే కంగారుపడిపోయి బాబిన్ కేసు (కింది దారం కండె ఉండే డబ్బీ) స్క్రూ తిప్పుతారు. దాని జోలికి వెళ్లకండి. అడుగున చిక్కు కనిపిస్తే తప్పు చాలాసార్లు పైదారంలోనే ఉంటుంది. మిషన్ పాదం (బట్టని నొక్కి పట్టే ముక్క) దించి ఉంచి దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్లల (దారాన్ని బిగువుగా పట్టి ఉంచే బిళ్లలు) మధ్యలోకి దిగదు, పైపైనే ఉండిపోతుంది. పాదం ఎత్తి, దారం మొత్తం తీసేసి మళ్లీ మొదటినుంచి ఎక్కించండి. అప్పటికీ కుదరకపోతేనే పైన ఉన్న టెన్షన్ మరని కొద్దికొద్దిగా తిప్పి, అదే బట్ట ముక్క మీద కుట్టి చూడండి. మామూలు బట్టకి కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లు సరిపోతుంది.

మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలనీ వెనక్కి లాగి వేలితో పట్టుకోండి. మూడు నాలుగు కుట్లు పడ్డాక వదిలెయ్యొచ్చు. మొదట్లో, చివర్లో రెండు మూడు కుట్లు రివర్స్ వేస్తే కుట్టు ఊడదు. బట్టని వెనక నుంచి లాగకండి. పాదం కింది పళ్లు దాన్ని నడిపిస్తాయి, మీ చేతులు దారి చూపిస్తే చాలు. లాగితే సూది వంగి ఇనుప పలకకి తగులుతుంది. మూల తిరగాలంటే సూది బట్టలోనే ఉంచి, పాదం ఎత్తి, బట్ట తిప్పి, మళ్లీ పాదం దించండి.

మెడ వంపు కత్తిరించగానే సాగడం మొదలవుతుంది. మార్జిన్ లోపల, అసలు కుట్టు గీతకి కాస్త ఎడంగా ముందే ఒక వరస కుట్టేస్తే ఆగుతుంది. పట్టీ వేశాక మార్జిన్‌కి చిన్న చిన్న గాట్లు పెట్టి తిప్పండి, మెడ చదునుగా కూర్చుంటుంది. గాటు కుట్టుని తాకకూడదు.

ఇస్త్రీ పెట్టె దూరం పెట్టకండి

ఇంట్లో కుట్టినట్టు కనిపించడానికీ, దర్జీ కుట్టినట్టు కనిపించడానికీ ఉన్న తేడాలో ఎక్కువ భాగం ఇస్త్రీదే అని నా నమ్మకం. ఒక్కో కుట్టు అవ్వగానే, దాని మీదుగా ఇంకో కుట్టు వెయ్యకముందే ఇస్త్రీ చెయ్యాలి. ముందు కుట్టు మీద అలాగే ఒత్తండి, తర్వాత మార్జిన్‌ని రెండు వైపులకీ విప్పి ఒత్తండి. పెట్టెని జరపడం కాదు, ఎత్తి పెట్టడం. జరిపితే బట్ట సాగుతుంది.

అంచు మడత అన్నిటికన్నా చివర. గౌను, స్కర్టు లాంటివి ఏటవాలుగా కత్తిరించి ఉంటే ఒక రాత్రంతా హ్యాంగరుకి వేలాడదీయండి. తెల్లారేసరికి కొన్నిచోట్ల అంచు కిందికి జారి ఉంటుంది. నేల నుంచి స్కేలు నిలబెట్టి చుట్టూ ఒకే ఎత్తులో గుర్తు పెట్టుకుని, ఎక్కువైంది కత్తిరించి అప్పుడు మడవండి.