తుంటిలో బంతి అతకదు, కాడ అతుకుతుంది: మొదటి మూడు నెలలు ఇలా నడవండి

ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేసినవాణ్ణి. తొడ ఎముక తలకి రక్తం అందక అది చితికిపోయిందని నా కుడి తుంటి కీలు మార్చారు. ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారు బల్ల మీద నమూనా కీలు పెట్టారు. అందులో గులాబి రంగు బంతి ఒకటి అద్దంలా మెరుస్తోంది. ‘సిరామిక్ అయితే ఎముకకి బాగా పట్టేస్తుందటగా సార్’ అన్నాను, ఎక్కడో విన్నది నమ్మి. ఆయన బంతి తీసి నా చేతిలో పెట్టి, ‘దీనికి ఏమైనా అంటుకుంటుందేమో మీరే చెప్పండి’ అన్నారు. గోటితో గీకి చూశాను. గోరు జారిపోయింది.

ముందు ఈ తేడా తెలియాలి. తొడ ఎముక తలకి బదులు పెట్టే ఈ బంతి పని జారడం. అది ఎముకని తాకనే తాకదు, కప్పు లోపలి పొర మీద తిరుగుతుంది. ఎముకకి అతుక్కునేవి తొడ ఎముకలోకి దింపే టైటానియం కాడ, కటి ఎముకలో కూర్చునే కప్పు పెంకు. ఈ రెండింటి పైభాగం గరగరలాడుతూ, సన్నటి రంధ్రాలతో ఉంటుంది. ఎముక వాటిలోకి పెరుగుతుంది. చాలా కాడల మీద హైడ్రాక్సీఅపటైట్ పూత కూడా ఉంటుంది. అసలు ఎముకలో ఉండే ఖనిజానికి ఇది దాదాపు జోడీ. తమాషా ఏమిటంటే అదీ సిరామిక్కే. ఒకే కీలులో జారే సిరామిక్ ఒకటి, పట్టే సిరామిక్ ఒకటి. నేను విన్నమాట అక్కడే తికమకపడి ఉంటుంది.

బంతి కాడకి ఎలా పడుతుందో మా పనివాళ్లకి చెప్పక్కర్లేదు. లేత్ టెయిల్‌స్టాక్‌లో సెంటర్ కూర్చున్నట్టే, టేపర్ మీద, అంటే చివరికి పోనుపోను సన్నబడే మొన మీద బిగువుగా. మర లేదు, జిగురు లేదు. టేపర్‌ని శుభ్రంగా తుడిచి, తడి లేకుండా చేసి, ప్లాస్టిక్ మొన పెట్టి కొడతారు. బంతి మీద ఇనుప సుత్తి నేరుగా పడకూడదు.

ఇక మన చేతిలో ఉన్న సంగతి. డాక్టర్ కప్పు కొలత కంటే ఓ మిల్లీమీటరు అటూఇటూగా చిన్న గుంత తొలిచి, కప్పుని బిగించి కొడతారు. హౌసింగ్‌లోకి బేరింగ్ ఎక్కించినట్టు. మొదటిరోజు దాన్ని పట్టి ఉంచేది ఆ బిగువే, ఎముక కాదు. ఎముక లోపలికి పెరగడానికి సుమారు 6 నుంచి 12 వారాలు పడుతుంది, గట్టిపడటం ఆ తర్వాతా సాగుతుంది. ఈలోగా కాడకీ ఎముకకీ మధ్య కదలిక 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఉంటే ఎముక పెరుగుతుంది. 150 మైక్రాన్లు దాటితే ఎముకకి బదులు పీచులాంటి మెత్తటి పొర ఏర్పడుతుంది. 150 మైక్రాన్లంటే రెండు తల వెంట్రుకల మందం. ఆ పొర ఉంటే కాడ ఎముకకి గట్టిగా అతకదు.

ఈ కదలిక ఎక్కువగా తెచ్చేది నడక అనుకుంటాం. నిజానికి కాడని మెలిపెట్టే పనులు ప్రమాదం: కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం, ఒంటికాలి మీద గిర్రున తిరగడం. మూడో వారంలో నేను చేసింది ఆ చివరిదే. వెనక ఫోన్ మోగింది, కుడి పాదం నేల మీదే ఉంచి ఒళ్లు తిప్పాను. తొడ మధ్యలో కలుక్కుమంది. ఎక్స్‌రే తీస్తే కాడ కిందికి దిగలేదు, బతికాను. కానీ ఆ రెండ్రోజుల టెన్షన్ ఎవరికీ వద్దు.

అందుకని, తిరగాలంటే చిన్న చిన్న అడుగులు వేస్తూ గుండ్రంగా తిరగండి. చేతులున్న ఎత్తైన కుర్చీ వాడండి. లేచేటప్పుడు అంచుకి జరిగి, ఆపరేషన్ కాలు ముందుకు చాపి, రెండు చేతులతో నొక్కి లేవండి. బరువు చేతులూ మంచికాలూ పంచుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. కర్ర ఎప్పుడూ మంచికాలి వైపు చేతిలో. కాలు మీద కాలు వేయొద్దనేదీ, బాగా వంగొద్దనేదీ బంతి కప్పులోంచి జారకుండా. అది వేరే లెక్క, ఆపరేషన్ ఏ వైపు నుంచి చేశారన్నదాన్ని బట్టి మారుతుంది.

ఆసుపత్రి నుంచి బయల్దేరే ముందు ఒక్క ప్రశ్న సూటిగా అడగండి: కాలు మీద పూర్తి బరువా, సగమా, వేళ్లు ఆనించడమేనా? తెలిసినవాళ్లెవరో రెండోరోజే పూర్తి బరువు వేశారని మీరూ వేయకండి. వాళ్లకి బోన్ సిమెంట్‌తో పెట్టి ఉండొచ్చు. అది ఆపరేషన్ బల్ల మీదే నిమిషాల్లో గడ్డకడుతుంది, ఎముక కోసం ఆగక్కర్లేదు. అలాగని మంచానికే అంటిపెట్టుకోవద్దు, చెప్పినంత బరువు పడితేనే ఎముక గట్టిపడుతుంది. సిగరెట్ మానేయండి, అది ఎముక పెరగడాన్ని మందగింపజేస్తుంది. నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగకండి, రాసిచ్చినవి సొంతంగా ఆపకండి.

నొప్పిని కూడా గమనించడం నేర్చుకోవాలి. కోసినచోట నొప్పి వారాలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అలా కాకుండా, నెలలు గడిచాక కూడా కూర్చుని లేచిన ప్రతిసారీ మొదటి నాలుగడుగులు తొడలో పొడిచినట్టుండి, నడుస్తుంటే సర్దుకుంటుంటే, కాడ అతకలేదేమోనని అనుమానించాలి. డాక్టర్‌కి ఇదే మాటల్లో చెప్పండి. ‘కాలు నొప్పి’ అంటే ఆయనకి ఏమీ తెలియదు. జ్వరమొచ్చినా, గాయం చెమ్మగిల్లినా అదేరోజు వెళ్లాలి.

ఎక్స్‌రేలు ఒక్కటీ పారేయకండి. కాడ కిందికి దిగిందా లేదా అన్నది కొత్త ఫిల్మ్‌ని మొదటి ఫిల్మ్ పక్కన పెడితేనే తెలుస్తుంది. నాది మూడో నెలలో అలా పక్కపక్కన పెట్టి చూశారు. రెండింట్లోనూ అదే మట్టం. కర్ర పక్కన పెట్టమన్నది ఆరోజే.

ఇంప్లాంట్ పెట్టెల మీది స్టిక్కర్లు కూడా అడిగి ఫైల్లో అతికించుకోండి. బంతి ఎన్ని మిల్లీమీటర్లో, టేపర్ ఏ కొలతో అందులో ఉంటుంది. నా దాంట్లో బంతికి 36, టేపర్‌కి 12/14 అని ఉంది. ఎప్పుడో బంతి ఒక్కటే మార్చాల్సివస్తే, కొత్త డాక్టర్ మొదట అడిగేది ఆ అంకెలే.